తువ్వాల కింద

మా నాయిన నిజామాబాద్ గంజిల దడువాయి.
బస్తా కాంటా ఎక్కకముందే బరువు చెప్పేటోడు,
తప్పితే పావుకిలో అటో ఇటో.
ఖరీద్దారూ అడ్తిదారూ ఒక తువ్వాల కింద చేతులు పెట్టి
వేళ్లతోని బేరం చేసేటోళ్లు.
నోళ్లు మాత్రం వాన సంగతి మాట్లాడుతుండేవి.
ఒక వేలు పట్టుకుంటే ఒకటి,
నాలుగు కలిపి ఒత్తితే నాలుగు,
అరచెయ్యి మొత్తం అందుకుంటే ఐదు.
ఐదు వందలా, ఐదు వేలా?
అది సరుకును చూసి తెలుసుకోవాలె అనేటోడు నాయిన.
నేను పక్కన కూసొని కాడి వేరు, గోళ వేరు ఏరుకుంట
తువ్వాల కదిలే తీరు చూసి ధర చెప్పేదాన్ని.
"ఆడివిల్లవు, నీకెందుకే" అని నవ్వేటోడు.
ధర ఎన్నడూ తప్పలే.

ఇప్పుడు దేరాల, అల్ రాస్ సందుల
పదడుగుల దుకాణం నాది.
లైసెన్సు కాగితం నింపేటప్పుడు
టైపింగ్ సెంటర్ల మరాఠీ పిలగాడు ఆగి నవ్విండు:
"లసుంబాయి? లసుణ్ అంటే ఎల్లిపాయ కద!"
అమ్మేది పసుపు, పేరేమో ఎల్లిపాయ.
ఉండనీ అన్న.
పదకొండేండ్లు షార్జా ఇంట్ల నన్ను ఏ పేరుతోనీ పిలవలే,
ఏదో ఒక పేరుతోని బోర్డు లేవనీ.

హోదన్ వచ్చిన రోజు
ఇరాన్ కుంకుమపువ్వు సేటూ, కొచ్చి మిరియాల సేటూ
తీరి కూసొని మా దిక్కే చూస్తున్నరు.
కాలిక్యులేటర్ తీస్తే సందంత సదువుతది.
ఆమె భుజం మీది శాలువ జార్చి
మా ఇద్దరి చేతుల మీద కప్పింది.
నా పానం గంజిల పడ్డది.
ఆమె మేనమామ బురావుల ఒంటెల దలాలట.
ఆమె కూడ పక్కన కూసొనే నేర్చుకున్నదట,
ఆమెను కూడ నీకెందుకే అన్నరట.
ఆరు కాడ ఆమె లెక్క వేరు, నా లెక్క వేరు.
రెండుసార్లు తప్పి, నవ్వి, మూడోసారికి కుదిరింది.
రెండు వందల ఇరవై బస్తాలు, బెర్బెరాకు.
శాలువకు పసుపంటింది. అంటనీ అన్నది, చేత్తోనే.

లాంచి పోయిన తొమ్మిదో నాడు గాలి లేచింది.
అరవై బస్తాలు తడిసినయి.
తడిసిన పసుపు పసుపు కాదు,
బూజు పట్టిన కట్టె.
నాఖుదా ఫోన్ల దేవుని పేరు నాలుగుసార్లు చెప్పిండు,
బస్తాల పేరు ఒక్కసారే.
నాకొచ్చింది వంటింటి అరబ్బీ:
కడిగిన, తుడిసిన, పిల్ల పండుకున్నది, ఉప్పు సాలదు.
ఆ అరబ్బీల నష్టం అనే మాట లేదు,
సగం సగం అనే మాట లేదు.
నాలుగు నెలలు హోదన్ గొంతు వినిపించలే.
అడ్తిదారు ఆర్మూర్ నుంచి రోజు మార్చి రోజు ఫోన్ చేసేటోడు.
గోదాం కిరాయికి గాజులు రెండు
గోల్డ్ సూక్ కాంటా మీద పెట్టిన.
ఆ కాంటా తేడా నాకు కనవడ్డది. అననియ్యలే అవసరం.

నిన్న పగటియాళ్ల, ఏసీ నీళ్లు కారంగ,
గుమ్మంల నిలబడ్డది.
తిట్లు జమ చేసి పెట్టుకున్న, ఒక్కటీ యాదికి రాలే.
కూసున్నది. అదే శాలువ.
ఉతికినా పోలే, అంచు మీద పచ్చ మరక.
చెయ్యి పెట్టిన.

ముందుగాల చెయ్యి తీసినోడే ఓడినట్టు, నాయిన మాట.
నేను తియ్యలే. ఆమె తియ్యలే.
ఏ వేలూ ఒత్తలే చానా సేపు.
సేట్లు వింటున్నరని వాన సంగతి మొదలు పెట్టిన,
ఏడాదికి రెండుసార్లు పడే దేరా వాన.
ఆమె బెర్బెరా ఎండ సంగతి చెప్పింది.
అప్పుడు నా అరచెయ్యి మొత్తం పట్టుకున్నది.
ఐదు.
ఐదు వేల దిర్హాములా, ఐదు నెలల గడువా,
ఐదు లాంచీల సరుకా?
సరుకును చూసి తెలుసుకోవాలె అన్నవు గదా నాయినా,
నడుమ సరుకే లేదు,
రెండు చేతులున్నయి, ఒకటి వణుకుతున్నది.
ఎవలదో తెల్వలే.

రాత్రి ఖాతాల ఐదు అని రాసి
పక్కన జాగ వదిలిపెట్టిన.
పొద్దున లాంచి ఉన్నది, నలభై బస్తాలే.
ఈసారి ఒక్కోదానికి
ప్లాస్టిక్ రెండు పొరలు.